మళ్ళీ రాసుకోడానికొచ్చారా?



విదేశాలకి చదువుకోడానికి వెళ్ళే తెలుగు పిల్లలు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఫీజు ఎంత? వీసా వస్తుందా? అక్కడివాళ్ళు మనల్ని ఎలా చూస్తారు? మొదటి రెండింటికి కన్సల్టెన్సీ వాళ్ళు జవాబు చెప్తారు. మూడోదానికి అక్కడున్న సీనియర్‌కి మెసేజ్ పెడతారు. అది న్యాయమైన ప్రశ్నే. ముక్కూ మొహం తెలియని ఊరికి పోయేవాడికి ఆ భయం ఉంటుంది.

కానీ ఆ ప్రశ్న మనం విమానం ఎక్కేటప్పుడే అడుగుతాం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అడగం. స్టడీ టూర్ అనో, ఫీల్డ్ వర్క్ అనో, పీహెచ్‌డీ డేటా అనో అరకు లోయకి వస్తాం కదా, అక్కడివాళ్ళు మనల్ని ఎలా చూస్తున్నారు? ఈ వారం దాని గురించే రాస్తున్నాను. నేను మన్యంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెప్తాను. మైదానం నుంచి వచ్చిన మనిషిని, దళిత మనిషిని. ఈ కొండల్లో నేనూ బయటి మనిషినే. అక్కడ నిలబడే రాస్తున్నాను.

అరకు దగ్గరికి వచ్చే ముందు రెండు దేశాలు తిరిగి వద్దాం. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు స్కాట్లాండ్. ఎడిన్‌బరా, సెయింట్ ఆండ్రూస్ లాంటి పాత యూనివర్సిటీలకి అమెరికా పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుకోడానికి వెళ్తారు. అక్కడివాళ్ళు వాళ్ళని ఎలా చూస్తారు? ద్వేషం ఏమీ లేదు. జోకులు ఉన్నాయి. గొంతు పెద్దదనీ, ప్రతి ఒక్కడూ దిగగానే "మా ముత్తాత స్కాటిష్" అంటాడనీ నవ్వుకుంటారు. నవ్వు వెనకాల మాత్రం ఒక లెక్క ఉంది. స్కాట్లాండ్ ప్రభుత్వం అక్కడి పిల్లల డిగ్రీ ఫీజు తనే కడుతుంది, తలకి ఏడాదికి 1,820 పౌండ్లు. ఫీజు లేని చదువు గొప్ప విషయమే. కానీ ప్రభుత్వం డబ్బిచ్చే సీట్లకి పరిమితి ఉంటుంది. బయటి దేశాల పిల్లలు దానికి ఎన్నో రెట్లు కడతారు, వాళ్ళ సీట్లకి ఆ పరిమితి లేదు. అందుకే మంచి మార్కులొచ్చినా సొంత ఊరి యూనివర్సిటీలో సీటు రాని స్కాటిష్ తల్లిదండ్రులకి మనసులో ఒక ముల్లు ఉంటుంది. ఆ ముల్లు అమెరికా పిల్ల మీద కాదు. మా పిల్ల ఆమె పక్కన ఎందుకు కూర్చోలేకపోయింది అన్నదాని మీద.

అదే ఎడిన్‌బరాలో 1927లో కొన్ని హోటళ్ళూ, డాన్సు హాళ్ళూ మన దేశం నుంచీ, ఆఫ్రికా నుంచీ వచ్చిన విద్యార్థులని లోపలికి రానివ్వమని చెప్పాయి. భారతీయ విద్యార్థులు దాని మీద పోరాడారు. ఊరు అదే, యూనివర్సిటీ అదే. కాబట్టి "స్కాట్లాండ్ వాళ్ళు మంచివాళ్ళా కాదా" అని అడిగితే జవాబు దొరకదు. వచ్చినవాడు ఎవడు, వాడి చేతిలో బలం ఎంత, వాడు వచ్చాక ఇంటివాడి పిల్లకి మిగిలింది ఏమిటి? వీటిని బట్టే ఇంటివాళ్ళ మనసు ఉంటుంది.

రెండోది అమెరికా. 2023-24లో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ ఏడాది విదేశీ విద్యార్థుల లెక్కలో మనదే మొదటి స్థానం. అందులో తెలుగువాళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మీ వీధిలోనే లెక్క తేలుతుంది. 2023 జనవరిలో సియాటెల్‌లో ఆదోనికి చెందిన మన విద్యార్థిని రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. ఇంకో పోలీసు ఆఫీసరు ఆ చావు గురించి ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు, ఆమెకి ఉన్న విలువ పరిమితమే అన్నాడు. ఆ రికార్డింగ్ బయటికి వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల తెలుగువాళ్ళ రక్తం మరిగింది. మరగాల్సిందే. చదువుకోడానికి వెళ్ళిన పిల్ల ప్రాణానికి రేటు కట్టే హక్కు ఎవడికీ లేదు.

అయితే మిత్రులారా, అతిథిగా వెళ్ళినప్పుడు మర్యాద ఎలా ఉండాలో మనకి ఇంత బాగా తెలుసు కదా. మరి మనం బలమైన అతిథిగా వెళ్ళే చోట ఆ తెలివి ఎక్కడికి పోతోంది?

ఇక్కడ బాబాసాహెబ్‌ని తలుచుకోకుండా ముందుకి పోలేను. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద ఆయన న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళాడు. ముక్కూ మొహం తెలియని దేశం ఆయనకి గది ఇచ్చింది, బల్ల ఇచ్చింది, గురువులనిచ్చింది. 1917లో ఉద్యోగానికి బరోడా తిరిగొస్తే సొంత దేశం ఉండడానికి గది ఇవ్వలేదు. పార్సీ సత్రం నుంచి కూడా గెంటేశారు. ఇది మనందరికీ తెలిసిన కథే. మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. 1916 మే 9న కొలంబియాలో, గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్లో, ఆయన భారతదేశంలో కులాల గురించి పేపర్ చదివాడు. మానవశాస్త్రం అప్పటిదాకా ఎవరి మీద రాసింది? మన మీద రాసింది. మన ముక్కులు కొలిచింది, మన ఆచారాల జాబితా వేసింది. ఆ రోజు ఆ గదిలో మాట్లాడింది కొలతకి నిలబడాల్సిన మనిషి. తన సమాజం గురించి తనే చెప్పాడు.

దళిత సాహిత్యం ఈ రాష్ట్రంలో చేసిన పని కూడా అదే. మా గురించి మీరు రాసింది చాలు, మేం రాస్తాం అన్నాం. నా పీహెచ్‌డీ కాలమంతా ఆ మాట మీదే గడిచింది. ఆ మాటకి కట్టుబడి ఉంటే, అది కొండ మీద కూడా చెల్లాలి. మైదానంలో ఒక న్యాయం, మన్యంలో ఒక న్యాయం కుదరదు.

ఇప్పుడు అరకు.

చలికాలం మొదలవగానే ఈ లోయకి చదువు పేరుతో చాలామంది వస్తారు. డిగ్రీ పిల్లలు బస్సుల్లో వస్తారు, బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, సాయంత్రం ధింసా, రాత్రికి తిరుగు ప్రయాణం. సోషల్ వర్క్ పిల్లలు ప్రశ్నల కాగితాలతో వస్తారు. మానవశాస్త్రం వాళ్ళు, భాషాశాస్త్రం వాళ్ళు, జానపదం వాళ్ళు, వృక్షశాస్త్రం వాళ్ళు వస్తారు. కాఫీ రైతుల మీద, మిరియాల మీద, పోడు మీద, రక్తహీనత మీద స్టడీలు. అప్పుడప్పుడు తెల్లవాళ్ళు కూడా కెమెరాలతో కనిపిస్తారు. అందరూ కలిసి దీన్ని "ఫీల్డ్" అంటారు. ఉండేవాళ్ళకి ఇది ఊరు.

ఒక సంతలో చోళ్ళు అమ్ముతున్న పెద్దావిడ, నోటుబుక్కులు పట్టుకుని వస్తున్న పిల్లల్ని చూసి అంది: "ఏటమ్మా, మళ్ళీ రాసుకోడానికొచ్చారా? మొన్నొచ్చినోళ్ళు రాసుకున్నారు కదా, ఆళ్ళని అడిగి తీసుకోపోయేరా?" పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ అడిగింది పరిశోధనా పద్ధతుల మీద ప్రశ్న. పదిమంది వచ్చి అదే ప్రశ్న అడుగుతున్నారంటే, ముందు తొమ్మిదిమందికి చెప్పిన జవాబు ఏమైంది?

నా క్లాసులో ఒక కొండదొర అబ్బాయి ఉండేవాడు, ఇంట్లో మొదటి డిగ్రీ వాడిదే. ఎవరో పెట్టిన పీడీఎఫ్‌లో ఒక థీసిస్ చదువుతూ నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఇది మా తాత పాట. మా ఊరి పేరుంది. మా తాత పేరు లేదు. సమాచారదాత-4 అని ఉంది." వాడి గొంతులో కోపం లేదు, వింతగా ఉంది. తాత చనిపోయి మూడేళ్ళయింది. ఆ పాట పూర్తిగా తెలిసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పుడది ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది, వాళ్ళ ఇంట్లో లేదు.

ఇవే ఇక్కడివాళ్ళ మనసులో ఉన్న మాటలు. నేను చదువు చెప్తూ, ఊళ్ళు తిరుగుతూ విన్నవి చెప్తున్నాను. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో వచ్చి మూడు గంటలు కూర్చోబెడతారు, ఆ పూట కూలి పోతుంది. ఇంట్లోకి అడగకుండా వస్తారు, పొయ్యి దగ్గర ఫోటో తీస్తారు. ధింసా మీకు చూడ్డానికి ఆట, మాకు పండగ, మీరు బస్సు దిగిన టైముకి పండగ రాదు. రోడ్డు వస్తుందా, ఆసుపత్రి వస్తుందా, డోలీ మోత ఆగుతుందా అని అడిగితే "అది మా టాపిక్ కాదు" అంటారు. వెళ్ళేటప్పుడు "మళ్ళీ వస్తాం" అంటారు. రారు.

అయినా ఈ కొండల్లో వచ్చినవాడికి అంబలి పోయకుండా పంపే ఇల్లు నేను చూడలేదు. ఆ అంబలిని చూసి మన పిల్లలు "అమాయకులు" అని రిపోర్టులో రాస్తారు. అది అమాయకత్వం కాదు, మర్యాద. మర్యాద చేసే మనిషి మనల్ని అంచనా వెయ్యడం లేదని అనుకోవద్దు.

వాళ్ళ అనుమానానికి కారణాలు కూడా ఉన్నాయి. ఈ కొండల్లోకి కాగితం పట్టుకుని వచ్చినవాడు ఎవరో తేల్చుకోవడం అంత తేలిక కాదు. భూమి సర్వే చేసేవాడూ కాగితంతోనే వచ్చాడు. రక్తకొండ, గాలికొండల్లో బాక్సైట్ ఎంతుందో లెక్క వేసినవాడూ కాగితంతోనే వచ్చాడు. అనంతగిరి మండలంలో ఆదివాసీ భూముల్లో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు దేశమంతా చదువుకుంది. దాని వెనకాల బొర్రా చుట్టుపక్కల ఊళ్ళ భయం ఉంది. ఆ భయం చూసినవాళ్ళకి, స్టూడెంట్ చేతిలో నోటుబుక్కూ కంపెనీ చేతిలో మ్యాపూ దూరం నుంచి ఒకలాగే కనిపిస్తాయి.

ఇంకా దగ్గరి కథ ఒకటి. ఇది అరకులో కాదు, ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్‌తో కలిసి, గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా మీద స్టడీ చేసింది. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు, దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. గొడవ అయ్యాక 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సంతకాల తీరుని గట్టిగా తప్పు పట్టింది. కొందరు పిల్లల మరణాలకీ టీకాకీ సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా వాదన కాదు. ఆ టీకా ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. నా వాదన ఒక్కటే. అమ్మానాన్నల్ని అడిగారా? హాస్టల్లో ఉన్న ఆదివాసీ పిల్ల కాబట్టే అడక్కపోయినా నడుస్తుంది అనుకున్నారు. ఆ సంస్థ హెడ్డాఫీసు ఎక్కడో తెలుసా? సియాటెల్‌లో. పైన నేను చెప్పిన పోలీసు నవ్విన ఊరు. సియాటెల్లో మన పిల్లకి పరిమిత విలువ కట్టారని ఏడ్చాం. భద్రాచలం హాస్టల్ పిల్లకి కట్టిన విలువ గురించి ఎంతమందిమి మాట్లాడాం?

బయటి నుంచి వచ్చిన ప్రతివాడూ దొంగ అని నేను అనడం లేదు. అలా అంటే అబద్ధం అవుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారిని తీసుకోండి. కృష్ణా, గోదావరి తెలుగుని చదివిన మనిషి. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 1957లో పీహెచ్‌డీ తీసుకున్న తెలుగు విద్యార్థి. ఆయనే ఈ కొండలకి వచ్చి కొండదొరలు మాట్లాడే కూబి భాష నేర్చుకుని, దాని వ్యాకరణం, కథలు, పదకోశం రాశాడు. 1969లో హైదరాబాద్‌లోని గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ వేసింది. అప్పటిదాకా "కొండ భాష" అని కొట్టిపారేసిన దానికి వ్యాకరణం ఉందని లోకానికి తెలిసింది. అది చిన్న పని కాదు. అలాగే ఊవె గుస్తాఫ్సన్ అనే విదేశీ భాషావేత్త అరకు లోయలో ఏళ్ళ తరబడి ఉండి ఆదివాసీ ఒరియా, తెలుగు, ఇంగ్లీషు నిఘంటువు చేశాడు. మైసూరులోని భారతీయ భాషా సంస్థ దాన్ని 1989లో వేసింది. ఈ పుస్తకాల పక్కన మన టూరిస్టు స్టడీలు పెట్టి చూడండి. తేడా ఎక్కడుంది? ఉండిపోవడంలో ఉంది. వాళ్ళ భాష నేర్చుకుని మాట్లాడడంలో ఉంది.

అంత మంచి పనిలో కూడా మిగిలిపోయిన ప్రశ్న ఒకటి ఉంది. కూబి వ్యాకరణం ఇంగ్లీషులో ఉంది. కూబి మాట్లాడే పిల్ల దాన్ని చదవగలిగే స్థితికి రావడానికి ఎన్ని తరాలు పట్టింది? ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టారు. కొండ, కువి, ఆదివాసీ ఒరియా అందులో ఉన్నాయి. బయటివాళ్ళ చదువు ఊరికి తిరిగొచ్చిన అరుదైన సందర్భం అది. ఇవాళ ఆ పుస్తకం పట్టుకుని ఆ భాషలో పాఠం చెప్పే టీచరు మీకు ఎన్ని ఊళ్ళలో కనిపిస్తాడో, ఈసారి వచ్చినప్పుడు అడిగి చూడండి. మీ ప్రశ్నల కాగితంలో లేని ప్రశ్న అది.

టీచరు మాట వచ్చింది కాబట్టి అసలు ముల్లు దగ్గరికి వద్దాం. మనవాళ్ళలో కొందరికి ఇది నచ్చదు, తెలుసు.

2000 జనవరిలో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఆ తర్వాత మన్యంలో ఎన్ని ధర్నాలు, ఎన్ని బంద్‌లు జరిగాయో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. ఏజెన్సీలో పుట్టి పెరిగిన మన ఎస్సీ నిరుద్యోగులు కొందరు ఆ తీర్పుకి సంతోషపడ్డారు. వాళ్ళ బాధ నిజమే. తరతరాలుగా ఇక్కడే ఉన్నా షెడ్యూల్డ్ ప్రాంతపు చట్టాల లెక్కలో వాళ్ళు గిరిజనేతరులు. దానికి వేరే పరిష్కారం అడగాలి, గట్టిగా అడగాలి. కానీ ఆదివాసీ పిల్ల భాష తెలిసిన టీచరు పోస్టు మీద మన పరిష్కారం కట్టుకోకూడదు. రిజర్వేషన్‌ని "మెరిట్" అనే కత్తితో కొట్టినప్పుడు మనకి ఎంత నొప్పో మనకి తెలుసు. ఆ కత్తి ఇంకొకరి మీద పడినప్పుడు చప్పట్లు కొడితే, రేపు అది మన మీదకి వచ్చినప్పుడు మన పక్కన ఎవరు నిలబడతారు?

యూనివర్సిటీ సంగతి కూడా చూడండి. 2014 విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్‌కి గిరిజన విశ్వవిద్యాలయం హామీ ఇచ్చారు. 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం దగ్గర కొండకరకంలో తాత్కాలిక క్యాంపస్‌లో మొదలైంది. శాశ్వత క్యాంపస్‌కి మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. ఆ మండలాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. అది కేంద్ర విశ్వవిద్యాలయం, సీట్లు దేశమంతటికీ. 2006 నాటి కేంద్ర చట్టం ప్రకారం కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీల వాటా 7.5 శాతం. అంటే పేరులో గిరిజనం నూటికి నూరు, సీట్లలో ఏడున్నర. దూరం నుంచి వచ్చి అక్కడ చదువుకునే పిల్లల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. స్కాట్లాండ్ తల్లికి ఉన్న ముల్లు ముంచంగిపుట్టు తల్లికీ ఉంటుందని మాత్రమే అంటున్నాను. పైగా స్కాట్లాండ్ తల్లికి ఒక ప్రభుత్వం ఉంది, ఫీజు కట్టే ఖజానా ఉంది. ముంచంగిపుట్టు తల్లికి ఆశ్రమ పాఠశాల ఉంది, అందులో ఖాళీ పోస్టులున్నాయి.

అందుకే మొదట్లో రెండు దేశాలు తిప్పాను. స్కాట్లాండ్‌లో అతిథి డబ్బున్నవాడు, ఇంటివాడూ నిలదొక్కుకున్నవాడే. కాబట్టి గొడవ జోకుల దగ్గర ఆగుతుంది. అమెరికాలో మనం బలహీనమైన అతిథులం, కాబట్టి మర్యాద కోసం అడుగుతాం. అరకులో మనమే బలమైన అతిథులం. మన చేతిలో డిగ్రీ ఉంది, భాష ఉంది, కెమెరా ఉంది, తిరిగి వెళ్ళే బస్సు ఉంది. "అక్కడివాళ్ళు మమ్మల్ని ఎలా చూస్తారు" అన్న ప్రశ్నకి అరకులో జవాబు మన చేతుల్లోనే ఉంది. ఇంటివాడి పిల్ల కూడా ఆ గదిలో కూర్చుని ఉందా లేదా? దాన్ని బట్టే ఉంటుంది.

గదిలో ఆ పిల్ల ఉంటే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటుంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయి అనే ఆదివాసీ తెగ ఉంది. 1990లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు వచ్చి మధుమేహం మీద పరిశోధన అని చెప్పి వాళ్ళ రక్తం తీసుకున్నారు. ఆ రక్తాన్ని తర్వాత మానసిక వ్యాధుల మీద, వాళ్ళ పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్నదాని మీద పరిశోధనలకి వాడారు. వాళ్ళకి చెప్పలేదు. ఎలా బయటపడిందో తెలుసా? 2003లో ఆ యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ వైవా జరుగుతోంది. ఆ తెగకే చెందిన ఒక విద్యార్థిని వినడానికి వెళ్ళి కూర్చుంది. తెరమీద చూపిస్తున్నది తన వాళ్ళ రక్తం అని గుర్తుపట్టింది. లేచి, దీనికి మా వాళ్ళ అనుమతి తీసుకున్నారా అని అడిగింది. అక్కడి నుంచి కేసు నడిచి, 2010లో యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు పరిహారం ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చింది. ఎన్ని కమిటీలు, ఎన్ని నిబంధనలు ఉన్నా చెయ్యలేని పని, గదిలో కూర్చున్న ఒక ఆదివాసీ విద్యార్థిని చేసింది.

దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు ఇంకో అడుగు ముందుకి వేశారు. 2017లో తమ మీద పరిశోధన చేసేవాళ్ళు పాటించాల్సిన నియమావళిని తామే రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, మా బాగోగులు పట్టించుకోవడం, ఇవి ఉంటేనే లోపలికి రండి అన్నారు. మనకి అంత దూరం పోనక్కర్లేదు. 1996 పెసా చట్టం తమ ఆచారాలనీ, సాంస్కృతిక గుర్తింపునీ, ఉమ్మడి వనరులనీ కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చింది. పాట ఊరి ఆస్తి కాదా? దాని గురించి గ్రామసభని అడగాలని ఏ గైడూ చెప్పడు, ఏ వైవాలోనూ ఎవరూ అడగరు.

కాబట్టి ఈ శీతాకాలం కొండ ఎక్కబోయే విద్యార్థి మిత్రులకి, వాళ్ళని తీసుకొచ్చే నాలాంటి లెక్చరర్లకి, కొన్ని మాటలు. ఇవి నా సొంత తెలివి కాదు, ఊళ్ళలో విన్నవే.

ఒకటి. వచ్చే ముందు అడగండి. ఐటీడీఏ లెటర్ ఉంటే సరిపోదు. ఊరి పెద్దలు, ఊరి ఆడవాళ్ళు సరే అనాలి. వద్దంటే వెనక్కి వెళ్ళాలి.

రెండు. పని రోజు తీసుకుంటే కూలి ఇవ్వండి. కాఫీ కోత రోజుల్లో అయితే అసలు రాకండి, లేదా బుట్ట పట్టుకుని కోతకి వెళ్ళండి, మాటలు అక్కడే దొరుకుతాయి.

మూడు. పేరు రాయండి. వాళ్ళు వద్దంటే తప్ప, పాట పాడిన మనిషి సమాచారదాత-4 కాకూడదు. పాట పాడినవాడు కవి, కథ చెప్పినావిడ రచయిత్రి.

నాలుగు. తిరిగి ఇవ్వండి. థీసిస్ అయ్యాక, అందులో ఏముందో తెలుగులో పది పేజీలు రాసి ఆ ఊరి బడికి ఇవ్వండి. రికార్డు చేసిన పాటలు ఆ ఇంటివాళ్ళ ఫోన్లోకి పంపండి. ఇది ఒక గంట పని.

అయిదు. ఒంటరిగా రాకండి. ఆ మండలంలో డిగ్రీ చదువుతున్న ఆదివాసీ విద్యార్థిని మీ ప్రాజెక్టులో కలుపుకోండి. దుభాషిగా కాదు, సహ పరిశోధకురాలిగా. మీ పేపర్ మీద మీ పేరు పక్కన ఆమె పేరు ఉండాలి.

ఆరు. ఇది మన సంఘాలకి. గిరిజన విశ్వవిద్యాలయంలో స్థానిక ఆదివాసీలకి ప్రత్యేక వాటా కావాలన్న డిమాండ్‌ని మన డిమాండ్‌గా ఎత్తుకోవాలి. ఏజెన్సీ బడుల్లో మాతృభాష టీచర్ల పోస్టులు స్థానిక ఆదివాసీలకే అన్న పోరాటంలో నీలి జెండా కనపడాలి. ప్రతి సభలో "దళిత ఆదివాసీ ఐక్యత" అని నినాదం ఇస్తాం. ఆ ఐక్యతకి పరీక్ష ఇక్కడ ఉంది.

కొందరు మిత్రులు అంటారు, "ఇన్ని షరతులు పెడితే పరిశోధన ఎలా జరుగుతుంది? జ్ఞానానికి హద్దులుంటాయా?" అని. ఈ మాట మనం ముందు కూడా విన్నాం. మన వాడలకి వచ్చి మన పేదరికాన్ని కథలుగా అమ్ముకున్నవాళ్ళు కూడా "సాహిత్యానికి కులం ఉంటుందా" అని అడిగారు. ఉంటుందని జవాబిచ్చాం. అంత మాత్రాన సాహిత్యం చచ్చిపోలేదు, బతికింది. పార్వతీపురం మన్యం నుంచి మల్లిపురం జగదీశ్ "శిలకోల" కథలు రాసినప్పుడు తెలుగు కథకి నష్టం జరిగిందా? బయటి నుంచి ఎంత సానుభూతితో చూసినా కనపడని సంగతులు లోపలి నుంచి కనపడ్డాయి. రేపు కూబి మాట్లాడే అమ్మాయి కూబి వ్యాకరణాన్ని తిరగరాస్తే, కృష్ణమూర్తి గారి పుస్తకానికి అంతకంటే గౌరవం ఉండదు.

స్కాట్లాండ్ వెళ్ళండి, అమెరికా వెళ్ళండి. బాబాసాహెబ్ వెళ్ళిన దారే అది, తప్పకుండా వెళ్ళండి. అరకు కూడా రండి. కానీ వచ్చేటప్పుడు వెనక సీటు ఒకటి ఖాళీగా ఉంచండి. దిగేటప్పుడు ఈ కొండ పిల్ల ఒకరు మీతో పాటు మీ యూనివర్సిటీకి వచ్చి మీ పక్కన కూర్చునేలా చూడండి. ఆ పిల్లని మీ హాస్టల్లో "కొండోళ్ళు" అని ఎవరైనా వెక్కిరిస్తే ముందు మీరు లేచి నిలబడండి. అప్పుడు సంతలో ఆ పెద్దావిడ వేరే ప్రశ్న అడుగుతుంది. "మా పిల్ల ఎలా చదువుతోంది బాబూ?" అని.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగే స్థితిలో ఉందాం.

జై భీమ్. జై ఆదివాసీ.